ఎర్మీనియా పట్టుకున్న పసుపు పైపు

పెరట్లో బట్టలుతికే సిమెంటు తొట్టిలో మొగుడు తల ముంచి కదలకుండా ఉండటం చూసి ఎర్మీనియా చేతిలోని టైరు విప్పే రాడ్డు అక్కడే పడేసింది. కాళ్ళు నేల మీదే ఉన్నాయి. పొట్ట తొట్టి అంచుకు ఆని ఉంది. మెడ దాకా నీళ్ళలో. పరుగెత్తుకెళ్ళి వెనక నుంచి చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. లారీ టైర్లు దొర్లించిన చేతులవి. లిబ్రాదో తొట్టిలోంచి ఊడి వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. మొహానికి గాజు మాస్కు, నోట్లో వంకర గొట్టం.

"చంపేస్తావే నన్ను!" అన్నాడు గొట్టం ఊసేసి.

"చచ్చావనుకునే కదా లాగింది!"

"ఊపిరి ఆడుతుందో లేదో చూసుకుంటున్నా. బాగానే ఆడుతోంది. తొట్టి అడుగున నీ దువ్వెన ఉంది చూడు, వారం నుంచి కోడలి మీద పడి ఏడుస్తున్నావే, ఆ దువ్వెన."

ఎర్మీనియా దువ్వెన సంగతి పట్టించుకోలేదు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి మొహంలో ఆ వెలుగు చూసి ఆమెకి గుండె జారిపోయింది.

ఆ మాస్కూ గొట్టమూ మనవరాలు మరేలివి. పంక్చరు వేయించుకోవడానికి ఆగిన దొరసాని ఒకామె, తన దగ్గర ఇంకొకటి ఉందని, పిల్ల చేతిలో పెట్టి పోయింది. దొరసాని పోయింది గానీ చిచ్చు ఇంట్లో ఉండిపోయింది. ఈస్టరు వారంలో అందరం సముద్రపు ఒడ్డున కలేతా ఒందాకి పోయి నీళ్ళలో చేపల్ని చూద్దామని మరేలి. అవునవునని కొడుకు రొహేలియో. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అడుగుతున్నానని కోడలు బ్రియాందా. వీళ్ళందరి వెనకా నిలబడి, ఏమీ అడక్కుండా, పెళ్ళాం మొహంలోకి చూస్తూ లిబ్రాదో. ఆయన అడక్కపోవడానికే ఆమెకి భయం వేసింది.

రెండు సముద్రాల మధ్య ఇరుక్కున్న ఈ బాహా ఎడారిలో ఈస్టరు వారం వచ్చిందంటే ఇంటి పట్టున ఉండేవాళ్ళు ఉండరు. పరుపులు, పొయ్యిలు, ముసలమ్మలు, కుక్కలు, అన్నిటినీ పికప్పు బండ్ల కెక్కించి ఏదో ఒక సముద్రపు ఒడ్డున దించుతారు. ఎర్మీనియా మాత్రం పోయిన పాపాన పోలేదు. ఎల్ మెస్కీతే ఊరి చివర, హైవే నుంచి కలేతా ఒందాకి మట్టిరోడ్డు చీలే చోట ఆమె పంక్చరు షాపు. సరదాకి పోయినవాళ్ళ టైర్లన్నీ ఆ రాళ్ళ మీద చీరుకుపోయి తిరిగొచ్చేది ఆమె దగ్గరికే. ఆ రోడ్డు మొహం చూడకుండానే దాని పళ్ళ వరస చెప్పగలనని అనేది. గొప్పకి అన్న మాట కాదు, నిజమే. ఏ రాయి ఎలా కోస్తుందో ఆమెకి రబ్బరు మీద కనపడుతుంది.

ఆ షాపులో టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు మొదట్లో టైర్లది కాదు. అది లిబ్రాదో ఊపిరి.

పెళ్ళైన కొత్తలో వాళ్ళ కాపురం చేపలవాళ్ళ గుడిసెల్లో. లిబ్రాదో సముద్రం అడుగున పెద్ద చిప్పలు ఏరేవాడు. పడవలో కంప్రెసరు దడదడలాడుతుంటే దాని నుంచి పొడుగాటి పసుపు పైపు నీళ్ళలోకి దిగి ఆయన నోటికి గాలి అందించేది. ఆ పైపు పట్టుకుని పడవలో ఒకడు కూర్చోవాలి. కిందనుంచి ఒక్క గుంజు గుంజితే 'ఇంకా వదులు' అని. మూడు గుంజితే 'లాగు' అని. ఒకరోజు పైపు పట్టుకున్నవాడు నిద్రపోయాడు. మిషన్లో పెట్రోలు అయిపోయింది. అడుగున గాలి ఆగింది. లిబ్రాదో గుంజాడు, గుంజాడు, పైనుంచి జవాబు లేదు. ఇక ఒక్క ఊపున పైకి తన్నుకొచ్చాడు. అంత లోతు నుంచి అలా వచ్చినవాడి ఒంట్లో గాలి బుడగలై కీళ్ళలో కూర్చుంటుంది. ప్రాణం నిలిచింది గానీ ఎడమ కాలు ఈడ్పు కాలైంది. మళ్ళీ లోతుకి దిగితే ఈసారి కాలుతో పోదని డాక్టరు చెప్పాడు. ఆయనకి చెప్పి లాభం లేదనుకున్నాడో ఏమో, ఎర్మీనియాకి చెప్పాడు.

ఆమె పడవ అమ్మేసింది. కంప్రెసరుని మాత్రం అమ్మలేదు. తెచ్చి హైవే పక్కన పెట్టి, పక్క ఊరి మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని టైర్లు విప్పడం మొదలుపెట్టింది. మొదట్లో లారీ డ్రైవర్లు నవ్వేవాళ్ళు.

"నట్లు సరిగ్గా బిగించావా అమ్మా?" అని ఒకడు అడిగాడట.

"మీ ఆవిడ నిన్ను బిగించినదానికంటే గట్టిగానే బిగించాను, పో" అందట.

ఆ మాట హైవే పొడుగునా పాకి, ఆమె తిట్లు వినడానికే ఆగి గాలి కొట్టించుకునేవాళ్ళు తయారయ్యారు. అలా ఒక కొడుకుని పెంచింది, ఇల్లు కట్టింది, ఈడ్పు కాలి మొగుణ్ణి సముద్రానికి దూరంగా ఉంచింది. ఇన్నేళ్ళ బతుకులో ఆమె సాధించిన వాటిలో చివరిదే ఆమె దృష్టిలో పెద్దది.

ఇప్పుడు పోమని ఎలా అంటుంది? వద్దని ఎలా అంటుంది? పిల్ల రోజూ ఆ మాస్కు పెట్టుకునే అన్నానికి కూర్చుంటోంది.

"నీళ్ళ మీద తేలతాడు, అంతేగా అత్తయ్యా" అంది బ్రియాందా రొట్టెలు కాలుస్తూ. ఆమెది తిహువానా పట్నం. "మొహం నీళ్ళలో, వీపు ఎండలో. దానికేం ప్రమాదం?"

"నీకు మీ మామగారి సంగతి తెలియదు. తేలి ఊరుకునే ఘటమైతే నేనెందుకు ఏడుస్తాను? కింద ఒక్క చిప్ప కనపడనీ. కాలు, డాక్టరు, పెళ్ళాం, అన్నీ పైన వదిలేసి కిందికి పోతాడు. చెయ్యి దానంతటదే పోతుంది."

రెండు రోజులు ఆమె అదే ఆలోచనలో తిరిగింది. ఒక టైరుకి రెండుసార్లు ప్యాచ్ వేసింది. మూడోనాడు సాయంత్రం బల్ల దగ్గర అందరూ ఉండగా తీర్పు చెప్పింది.

"పోదాం. గుడ్ ఫ్రైడే పొద్దున్నే బయలుదేరతాం. సాయంత్రానికి చేరతాం. శనివారం టిఫిన్ చేసి తిరిగొచ్చేస్తాం. ఆదివారం షాపు తెరవాలి, తిరుగుబండ్లన్నీ ఆ రోజే."

రొహేలియో చేతిలో చెంచా ఆగిపోయింది. "ఒక్క రాత్రికా? అంత దూరం, ఆ రోడ్డు మీద, ఒక్క రాత్రికా అమ్మా?"

"పైగా శుక్రవారం!" అంది మరేలి. "శుక్రవారం నీళ్ళలో దిగకూడదని నువ్వే కదా నానమ్మా అన్నావు?"

"దిగకూడదు. దిగితే చేపవైపోతావు."

"మంచిదేగా. గొట్టం అక్కర్లేదు."

"నోర్మూసుకుని అన్నం తిను."

ఆమె పన్నిన పన్నాగం అదే. దేవుడు చనిపోయిన రోజున సముద్రంలో స్నానం చెయ్యడం తప్పని ఈ నేల మీద ముసలివాళ్ళందరూ నమ్ముతారు. బ్రియాందా లాంటివాళ్ళు నవ్వుతారు గానీ లిబ్రాదో నవ్వడు. సముద్రం మీద బతికిన రోజుల్లోనూ ఏ ఏడూ ఆ శుక్రవారం కాలు తడుపుకున్నవాడు కాదు. మొగుడి భక్తినే అడ్డుగోడగా కట్టింది ఎర్మీనియా. శుక్రవారం భక్తి కాపాడుతుంది, శనివారం ప్రయాణం కాపాడుతుంది. మధ్యలో పిల్ల సముద్రాన్ని చూస్తుంది.

లిబ్రాదో "నీ ఇష్టం" అని లేచి పెరట్లోకి పోయి, కాసేపు చంద్రుడి వైపు చూసి, వచ్చి పడుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకి నచ్చలేదు.

మర్నాడు ఇంకో చిక్కు తెచ్చాడు. "కంప్రెసరు బండిలో ఎక్కించాలి" అన్నాడు చాలా అమాయకంగా.

"ఎందుకు?"

"చివర ఇసక ఉంటుందిగా. నువ్వే అందరికీ చెప్తావు, టైర్లలో సగం గాలి తీసేస్తే గానీ ఇసకలో బండి కదలదని. మళ్ళీ రాళ్ళలోకి వచ్చేముందు నింపుకోవాలి, లేకపోతే అంచులు చీరుకుపోతాయని. చెప్పవూ?"

చెప్తుంది. షాపు ముందు ఆగిన ప్రతి బండివాడికీ చెప్పి, వినకుండా పోయి తిరిగొచ్చినవాణ్ణి తిట్టింది కూడా.

"సైకిలు పంపు తీసుకెళ్దాం."

"పికప్పు టైర్లకి సైకిలు పంపా? కొడుతూ కూర్చో, వచ్చే ఈస్టరుకి ఇల్లు చేరతాం."

రొహేలియో పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఎర్మీనియా నవ్వలేదు. కంప్రెసరు మళ్ళీ సముద్రానికి పోతుంది. దాని వెంట పైపు కూడా పోతే? సామాన్ల గదిలో దూలానికి ఆ పసుపు పైపు చుట్టగా వేలాడుతూనే ఉంది ఇన్నేళ్ళూ. పారేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. ఆమె ఆ గదికి తాళం వేసి తాళంచెవి రవిక లోపల దోపుకుంది. రోజూ ఏదో వంకతో గది తెరిచి పైకి చూసేది. ఉంది. గురువారం సాయంత్రం కూడా చూసింది. ఉంది.

కపిరొతాద చేసింది. బెల్లం పాకంలో రొట్టె, చీజు, ఎండు ద్రాక్ష వేసి చేసే ఆ తీపి వంటకం ఎప్పుడూ అమృతంలా కుదిరేది ఆమె చేతికి. ఈసారి అడుగంటింది. ఎండు చేప తురుము కూర పెట్టి రొట్టెలు చుట్టింది. నీళ్ళ డ్రమ్ములు, రెండు స్టెప్నీలు, జాకీ, ప్యాచ్‌లు, పరుపు, పిల్ల మాస్కు, ఊళ్ళో అరువు తెచ్చిన ఇంకో మూడు మాస్కులు, గొట్టాలు. శుక్రవారం పొద్దున్నే కంప్రెసరుని రొహేలియో ఒక్కడే ఎత్తి బండిలో పెట్టాడు. లిబ్రాదో దాని మీద చెయ్యి వేసి, పాత గుర్రాన్ని తట్టినట్టు రెండుసార్లు తట్టాడు.

ఆ రోడ్డు ఆమె రబ్బరు మీద చదివినదానికంటే ఘోరంగా ఉంది. ముడతల ఇనప రేకు మీద నడిచినట్టు బండి వణుకుతూనే ఉంది. ఎర్మీనియా దారి పొడుగునా టైర్ల చప్పుడే విన్నది. "నెమ్మదిగా పోరా" అని ఒకసారి, "ఆగు, ఎడమ వెనక టైరు ఏదో అంటోంది" అని ఇంకోసారి. ఏమీ అనలేదు టైరు. మనసులో ఉన్నది చక్రం మీదికి తోసి భయపడుతోంది, అంతే. బ్రియాందా కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. సాయంత్రానికి రాళ్ళు అయిపోయి ఇసక వచ్చింది. టైర్లలో గాలి తీశారు. చదునైన తడి నేల ఒకటి దాటారు. అవతల కొండల మధ్య కలేతా ఒందా, నీళ్ళు అద్దంలా.

మరేలి కేక పెట్టింది. లిబ్రాదో టోపీ తీసి గుండెకి పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళ అంచు దాకా వెళ్ళాడు గానీ బూటు కూడా తడుపుకోలేదు. శుక్రవారం కదా. ఎర్మీనియా ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి పరుపు దించేదాకే. పరుపు కింద పసుపు పైపు, పాములా చుట్ట చుట్టుకుని ఉంది.

తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. గది వెనక రేకు వదులైందని రొహేలియో ఎప్పట్నుంచో అంటున్నాడు. ఆ రేకు ఎవరు ఎత్తారో అడగక్కర్లేదు. పిల్ల ముందు, కోడలి ముందు మొగుణ్ణి దొంగని చెయ్యడం ఆమె పరువుకి తక్కువ. అందరూ రొట్టెలు తింటుండగా బండి వెనక్కి పోయి కంప్రెసరు స్పార్కు ప్లగ్గు విప్పి ఆప్రాను జేబులో వేసుకుంది. ప్లగ్గు లేకుండా మిషను ఎలా దడదడలాడుతుందో చూద్దాం అనుకుంది. అయినా పడుకున్నంతసేపూ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

తెల్లవారుతూనే అందరికంటే ముందు లేచింది. నిన్న దాటిన తడి నేల ఇంకా నీళ్ళ బయటే ఉంది.

"లేవండి, పోదాం" అంది.

"టిఫిన్ చేసి అన్నావుగా అమ్మా" అన్నాడు రొహేలియో దుప్పటిలోంచి.

"దారిలో తిందాం."

"పిల్ల నిద్రపోతోంది అత్తయ్యా."

లిబ్రాదో పొయ్యి ముందు కూర్చుని కాఫీ కాస్తున్నాడు. తొందర లేదు. గింజ గింజా లెక్కపెట్టినట్టు కాఫీపొడి వేశాడు. చక్కెర కలిపాడు. ఊదుకుంటూ తాగాడు. ఆయన రెండో కప్పు పోసుకునేసరికి మరేలి అరిచింది.

"నానమ్మా, రోడ్డు మునిగిపోయింది!"

ఎర్మీనియా తిరిగి చూసింది. తడి నేల లేదు. దాని మీద సముద్రం మెరుస్తోంది.

"ఈస్టరు ఎప్పుడూ పున్నమి దగ్గరే కదా," అన్నాడు లిబ్రాదో కప్పులోకి చూస్తూ. "పున్నమికి పోటు పెద్దది. ఇక సాయంత్రం దాకా దాటలేం."

క్యాలెండరు చూసి ఆమె ప్రయాణం కట్టింది. చంద్రుణ్ణి చూసి ఆయన ఒప్పుకున్నాడు. "ముసలి దొంగా!" అంది పళ్ళ మధ్యనుంచి.

"నీ శుక్రవారం నేను పాటించానా లేదా? ఇది శనివారం. ఇక దిగినా తప్పులేదు."

అప్పటికే మరేలి తల్లి మీద చెంబుతో నీళ్ళు గుమ్మరించింది. ఈస్టరు ముందటి శనివారం ఎవరి మీదైనా పొయ్యొచ్చు, తిట్టకూడదు. బ్రియాందా తిట్టింది, కూతుర్ని తరుముతూ నీళ్ళలో దిగింది. రొహేలియో వెనకే పోయాడు. కాసేపట్లో మూడు వీపులు నీటి మీద తేలుతున్నాయి.

లిబ్రాదో పసుపు పైపు భుజాన వేసుకుని వచ్చాడు. ఒక చివర నడుముకి పాత బెల్టుతో కట్టుకున్నాడు. మెడలో మాస్కు, వంకర గొట్టం.

"ప్లగ్గు నీ జేబులో ఉందిగా?" అన్నాడు.

ఆమె చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది.

"ఉండనీ. మిషను నాకొద్దు. ఈ గొట్టం చాలు ఊపిరికి. నువ్వు ఈ చివర పట్టుకో."

"దేనికి?"

"ఆ రోజు తర్వాత నా పైపు ఎవరి చేతికీ ఇవ్వలేదు. నీకిస్తున్నా. ఎంత వదలాలో నీ ఇష్టం." కొంచెం ఆగి, "నిద్రపోవుగా?" అన్నాడు.

"నిన్ను చేసుకున్న దగ్గర్నుంచీ నేను నిద్రపోయిందెప్పుడు?"

ఆయన కాలు ఈడ్చుకుంటూ నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళ దాకా అవిటివాడు. నడుము దాకా వచ్చేసరికి కాదు. పడుకున్నట్టు ముందుకు ఒరిగాడు, అంతే, ఆ ఈడ్పు కాలు ఎక్కడ పోయిందో కనపడలేదు. ఎర్మీనియా మడమలు ఇసకలో పాతుకుని నిలబడి పైపు కొద్దికొద్దిగా వదిలింది. ఆయన వీపు, గొట్టం కొస, వెనక పసుపు గీత. ఊరికే ఉండలేక ఒకసారి గుంజి చూసింది. ఆయన తల ఎత్తి అరిచాడు.

"ఏంటే, చేపని పట్టావనుకుంటున్నావా?"

"బతికున్నావా అని!"

"బతికుండనిస్తే ఉంటాను!"

నల్లటి రాయి ఒకటి నీళ్ళలోంచి కొద్దిగా తల ఎత్తిన చోట ఆయన ఆగాడు. చాలాసేపు కదల్లేదు. ఆ ఆగడం ఏమిటో ఆమెకి తెలిసింది.

పైపు ఒక్కసారి గుంజింది. ఇంకా వదులు.

ఎర్మీనియా వదల్లేదు. చేతికి ఒక చుట్టు చుట్టుకుంది.

మళ్ళీ గుంజింది, ఈసారి గట్టిగా. పైపు కొస కిందికి వంగింది. ఆయన వీపు కనపడలేదు. గొట్టం కనపడలేదు. నీటి మీద ఎండ తప్ప ఏమీ లేదు. పైపు బిగుసుకుని ఆమె మణికట్టుని కోసింది. ఆమె ఇసకలో ఒక అడుగు ముందుకి జారింది, మళ్ళీ నిలదొక్కుకుంది. బారెడు వదిలితే ఆయనకి కావలసింది అందుతుందని తెలుసు. ఆ బారెడు తర్వాత ఇంకో బారెడు అడుగుతాడనీ తెలుసు. దేవుడి పేరు కూడా తలుచుకోలేదు. పళ్ళు బిగించి పట్టుకుంది.

ఉన్నట్టుండి పైపు వదులైపోయింది.

బిగుసుకున్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ భయం వేసింది. రెండు చేతులతో లాగింది, లాగింది, చుట్టలు కాళ్ళ చుట్టూ పడ్డాయి. రాయి పక్కన గొట్టం కొస పైకి వచ్చి ఫుస్సున నీళ్ళు చిమ్మింది. ఆ వెనకే తెల్ల జుట్టు. లాగుతూనే ఉంది. ఆయన ఈదలేదు, తన్నుకోలేదు. లాగినంతసేపూ వెల్లకిలా తేలుతూ వచ్చి ఒడ్డు ఇసకకి ఆనాడు.

చాలాసేపు ఇద్దరూ రొప్పారు. మరేలి దూరం నుంచి ఏదో రంగు చేప గురించి అరుస్తోంది.

"ఆ రాతి కింద చిప్పలున్నాయే," అన్నాడు లిబ్రాదో మాస్కు పైకి నెట్టి. "మా రోజుల్లో కూడా అంత పెద్దవి చూడలేదు."

"ఉండనీ."

"ఒక్క బారెడు వదిలితే అందేది."

"తెలుసు."

ఆయన ఆమె మణికట్టు మీద ఎర్రగా పడ్డ గీత చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. ఎర్మీనియా పైపు చుట్ట చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట సరిగా రాలేదు, మళ్ళీ విప్పి చుట్టింది. అవతల రోడ్డు మీద నీళ్ళు ఇంకా నిండుగానే ఉన్నాయి. సాయంత్రం చాలా దూరంలో ఉంది.

"కాసేపాగి మళ్ళీ పోనా?" అన్నాడు, పిల్లాడు అడిగినట్టు.

"ముందు కాఫీ తాగు" అంది. చుట్ట చుట్టుకుంటూ ఆయన దాకా వచ్చింది గానీ, ఆయన నడుముకున్న పైపు ముడి మాత్రం విప్పలేదు.